ఈశ్వరి తీగ పాకిన గోడ

పట్నం శివార్లలో మాధవరం పాల కాలనీ దాటి చెరువు వైపు నడిస్తే, తొంభైల మొదట్లో ఇళ్ళకంటే ఖాళీ జాగాలే ఎక్కువ. ఇళ్ళు కట్టుకున్న మారాజులు మాత్రం ఒకరిని చూసి ఒకరు అందరూ ఒకే తోట వేశారు. గేటుకి అటూ ఇటూ క్రోటన్లు, గోడ మీద కాగితం పూలు, మధ్యలో నాలుగు గజాల పచ్చగడ్డి. ఆ గడ్డి మీద ఎవరైనా కాలు పెడితే లోపల్నుంచి ఇంటాయన గొంతు చించుకునేవాడు. తోట అంటే దూరంగా నిలబడి చూసేది అని వాళ్ళ లెక్క.

కోకిల ఇంటి తూర్పు గోడ మాత్రం వేరేగా ఉండేది. గోడ పొడుగునా ఇనుప తీగలు లాగి, వాటి మీదికి ఒక అడవి తీగను ఎక్కించింది. కిటికీ పక్కనుంచి పిట్టగోడ దాకా అల్లుకుపోయింది. దాని ఆకుల్లో సగం ఎప్పుడూ కొరికేసి ఉండేవి. "పాపం, పురుగు పట్టిందే! మందు కొట్టించండమ్మా" అని దారిన పోయేవాళ్ళు జాలిపడేవాళ్ళు. "పురుగు కోసమే వేశానండీ" అనేది కోకిల. ఆ మాటకి వాళ్ళు ఆమె వంక అదోలా చూసి వెళ్ళిపోయేవాళ్ళు.

అది ఈశ్వరి తీగ. నాటు మందుల వ్యాపారంలో దాని వేరుని ఈశ్వరమూలి అంటారు. కోకిల భర్త యతిరాజులుకి పట్నంలో ప్యారీస్ బజారు దగ్గర ఒక ఇరుకు సందులో నాటు మందుల అంగడి ఉంది. తాతల నాటిది. నెల్లూరు వైపు అడవుల నుంచి ఎండిన ఈశ్వరమూలి మూటలు మూటలుగా వచ్చేది. తొంభై మూడు వానల్లో వచ్చిన మూటలో తూకం కోసం ఎవడో పచ్చి వేర్లే కుక్కి పంపాడు. యతిరాజులు ఆ పంపినవాణ్ణి, వాడి వంశాన్ని వారం రోజులు తిట్టాడు. శుక్రవారం అంగట్లో పూజకని వెళ్ళిన కోకిలకి, పారేయడానికి పక్కన పెట్టిన వేర్లలో ఒకదానికి వేలెడు మొలక కనబడింది. దాన్ని తడి గుడ్డలో చుట్టి బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది.

"అంగట్లో అమ్మే సరుకును ఇంట్లో పెంచేదేందే?" అని నవ్వాడు యతిరాజులు.

"అమ్మే సరుకు ఎట్టుంటాదో బతికుండగా ఒకసారైనా చూడొద్దా?" అంది కోకిల.

ఆయన ముప్పై ఏళ్ళుగా ఆ వేరుని తూచి ఇస్తున్నాడు గాని, దాని ఆకు ఎలా ఉంటుందో నిజంగానే ఎప్పుడూ చూడలేదు. తీగ మొదటిసారి పూసినప్పుడు అంగడికి ఒక పూట సెలవు పెట్టి మరీ కూచున్నాడు. చిన్న సన్నాయి వంచినట్టు లేత ఆకుపచ్చ పూలు, అంచున ఊదారంగు. కాయ పండి విచ్చుకున్నాక వేలాడే బుల్లి ఉట్టిలా ఉంది. ఇంత చక్కని దాన్ని ఇన్నాళ్ళూ గోనెసంచిలోనే చూశానే అని ఆయన తెగ బాధపడిపోయాడు.

వాళ్ళకి పిల్లల్లేరు. దాని గురించి ఏడ్చే వయసు దాటిపోయిందని కోకిల అనుకునేది. పక్కింటి మధుమిత రావడం మొదలయ్యాక, ఆ ఏడుపు ఎక్కడికీ పోలేదని, ఊరికే నిద్రపోయిందని తెలిసొచ్చింది.

మధుమిత తల్లి భువనేశ్వరి, తండ్రి దొరస్వామి. దొరస్వామి మనలిలో ఒక కర్మాగారంలో షిఫ్టు పని చేసేవాడు. మధుమిత కాలేజీలో జువాలజీ రెండో ఏడు. ఒకనాడు సాయంత్రం రెండిళ్ళ మధ్య గోడ మీదినుంచి తొంగి చూసి, ఆకుల కింద నల్లగా, ఒళ్ళంతా ఎర్రటి కొమ్ములతో మేస్తున్న పురుగులను కనిపెట్టింది. ఆడపిల్లనన్న సంగతి మర్చిపోయి గోడ దూకి వచ్చేసింది.

"అత్తా! వీటికి మందు కొట్టొద్దు, ప్లీజ్. ఇవి ఈ తీగ మీద తప్ప ఇంక దేని మీదా బతకవు. ఈ ఆకు చేదంతా వాటి ఒంటికెక్కుతుంది. అందుకే పిట్టలు ముట్టుకోవు. పదిహేను రోజులాగు, అప్పురం చూడు!"

కోకిల ఆగింది. పదిహేను రోజులకి నల్లటి రెక్కల మీద తెల్ల పట్టీ, కుంకుమలో ముంచి తీసినట్టు ఎర్రటి ఒంటితో ఒక సీతాకోకచిలుక గోడ మీద రెక్కలారబెట్టుకుంటూ కనబడింది. ఆ రోజు కోకిల పొయ్యి మీద పాలు పెట్టిన సంగతి మర్చిపోయింది.

అక్కణ్ణుంచి మధుమిత రోజూ వచ్చేది. ఒక నోటుబుక్కు పెట్టి, ఏ పురుగు ఏ రోజు గూడు కట్టింది, ఏ రోజు రెక్కలొచ్చింది రాసేది. కోకిల వేడి బజ్జీలు పెడితే నూనె చేతుల్తోనే రాసేది. కాలేజీలో స్నేహితులతో అంతా అరవమే మాట్లాడే పిల్ల, ఇక్కడికొస్తే చక్కగా తెలుగు మాట్లాడేది. "అత్తా, నీ ఇల్లు ఇల్లు కాదు, పురుగుల సత్రం" అని ఏడిపించేది. ఆ మాటని కోకిల ఎన్నిసార్లు తలుచుకుని నవ్వుకుందో లెక్కలేదు.

ఆ పురుగులు గూడు కట్టే వేళకి తీగ వదిలి గోడ వైపు పోతాయి. ఇల్లు కట్టగా మిగిలిన ఇటుకలు గోడ వార పేర్చి ఉండేవి. తీగ వాటి మీదా పాకింది. గూళ్ళు ఎక్కువగా ఆ ఇటుకల సందుల్లోనే దొరికేవి. వానలు పడుతున్నాయి, ఇటుకలు తీయించేద్దామని యతిరాజులు రెండుసార్లు అన్నాడు. కోకిల ఒప్పుకోలేదు. మధుమిత కూడా ఒకసారి లోపలికి చెయ్యి పెట్టబోతూ ఆగింది.

"పాములుంటాయేమో అత్తా?"

"ఈశ్వరి ఉన్న తావుకి పామొస్తుందా? ఆ వాసనకే పారిపోతాది. మీ మామ అంగట్లో కొనుక్కపోయేదంతా ఎందుకనుకుంటా ఉండావు? నీకేం భయం లేదు, చెయ్యి పెట్టు" అంది కోకిల.

సైన్సు చదివే పిల్ల. నవ్వింది. ఆ మాట నమ్మిందో, చెప్పిన మనిషిని నమ్మిందో గాని, చెయ్యి పెట్టింది. ఆ రోజేం కాలేదు. ఆ తర్వాత కూడా చాలాసార్లు ఏం కాలేదు.

తొంభై ఆరు కార్తీకంలో, రెండు రోజులు ముసురు పట్టి వదిలిన సాయంత్రం, అయిదుంబావుకు, మధుమిత కుడిచెయ్యి ఇటుకల్లో ఉండగా "అబ్బా" అంది. చెయ్యి తీసి చూసుకుంది. ఇటుకల వెనకనుంచి నాగుపాము పడగ దించుకుని మెల్లగా కాలవ వైపు పోయింది. కోకిల దాన్ని కళ్ళారా చూసింది.

ఆ సమయంలో యతిరాజులు ఇంట్లోనే ఉన్నాడు. లేకపోయినా బాగుండేదని తర్వాత ఆయనే వెయ్యిసార్లు అనుకున్నాడు. కోకిల కేక విని భువనేశ్వరి పరిగెత్తుకొచ్చింది. యతిరాజులు పిల్ల చేతికి పైన తువ్వాలు బిగించి, "పచ్చి వేరు! ఎండు వేరుకే దిగే విషం, పచ్చి వేరుకి నిలుస్తుందా? తవ్వు కోకిలా" అన్నాడు. ముప్పై ఏళ్ళు ఎంతోమందికి పొట్లాలు కట్టి ఇచ్చిన మనిషి. ఆయన గొంతులో అనుమానం అన్నది లేదు. కోకిలకీ లేదు. గునపం తెచ్చి, తను పెంచుకున్న తీగని మొదట్లో పొడిచింది. వాన నీటికి మెత్తబడ్డ మట్టి చేతుల్తో తోడింది. పైన గూళ్ళున్నాయని, రెక్కలు రావలసినవి ఉన్నాయని తెలిసీ రెండు చేతుల్తో పట్టి లాగింది. ఆ క్షణాన ఆమె దగ్గర ఇంకేమున్నా ఇచ్చేసేది.

యతిరాజులు వేరు కడిగి, సానరాయి మీద మిరియాలతో అరగదీశాడు. కోకిల పిల్లని ఒడిలో పెట్టుకుంది. భువనేశ్వరే గిన్నె పట్టుకుని నోట్లో పోసింది.

"చేదుగా ఉందా బిడ్డా? చేదు తెలుస్తా ఉందా?" అని అడిగాడు యతిరాజులు. విషం ఎక్కినవాళ్ళకి చేదు తెలీదని వాళ్ళ అంగట్లో తాతల నాటి మాట.

"శానా చేదు మామా" అని మొహం చిట్లించింది మధుమిత.

ముగ్గురూ ఊపిరి పీల్చుకున్నారు. భువనేశ్వరి పైట చెంగుతో కళ్ళు తుడుచుకుని ఈశ్వరుడికి దండం పెట్టుకుంది. రెండో మోతాదు అరగదీశారు. ఆసుపత్రి మాట గాని, ఆటో మాట గాని ముగ్గురిలో ఒక్కరి నోటా రాలేదు. అదే చిత్రం. వీధి చివర ఆటోలు నిలబడే ఉన్నాయి.

ఆరింటికి ఆ పిల్ల "అత్తా, నువ్వు ఇద్దరుగా కనబడతా ఉండావు" అంది. కనురెప్పలు వాలిపోతున్నాయి. చేత్తో ఎత్తి పట్టుకోబోయింది, చెయ్యి లేవలేదు. అప్పుడు కోకిల వీధిలోకి పరిగెత్తింది.

పెద్దాసుపత్రికి చేరేసరికి ఏడు కావస్తోంది. యతిరాజులు షిఫ్టులో ఉన్న దొరస్వామికి కబురు చెప్పడానికి మనలి వెళ్ళాడు. భువనేశ్వరి వరండాలో కూలబడిపోయింది. కుర్ర డాక్టరు లోపల్నుంచి వచ్చి, బొట్టు చెరిగి మట్టి చేతులతో నిలబడ్డ కోకిలని చూసి, ఈమే తల్లి కాబోలనుకున్నాడు.

"ఎప్పుడు కరిచింది?"

"అయిదుంబావుకు."

"ఎక్కడ?"

"మాధవరం."

"ఎప్పుడు బయల్దేరారు?"

కోకిల చెప్పింది. ఆయన తిట్టలేదు. తిట్టి ఉంటే కాస్త నయంగా ఉండేదేమో. "ఊపిరాడని స్థితిలో దారిలోనే పోయిందమ్మా. ఆ ముప్పావుగంట ముందు తెచ్చుంటే మా దగ్గర మందు ఉంది" అని, ఇంకో మంచం వైపు వెళ్ళిపోయాడు.

ఆ మాట విన్నది కోకిల ఒక్కతే. రాత్రి యతిరాజులుకి చెప్పింది.  మర్నాడు ఆయన అంగట్లో ఉన్న ఈశ్వరమూలి మూటలన్నీ తీయించి చెత్త వేసే కుప్పతొట్టిలో వేయించాడు. ఎందుకని అడిగినవాళ్ళకి పురుగు పట్టిందన్నాడు.

"భువనకి చెప్పాలి" అంది కోకిల, పదకొండో రోజు కార్యం అయ్యాక.

"చెప్పి ఏం చేస్తావే? పోయిన బిడ్డ వస్తుందా? చేతనైందంతా చేసినామని ఆ తల్లి అనుకుంటా ఉండాది. ఆ మాత్రం నిమ్మళం కూడా లేకుండా చేస్తావా?" అన్నాడు యతిరాజులు.

ఆయన మాటలో తప్పేం లేదు. తప్పు లేని మాట వెనక దాక్కోవడం ఎంత సుఖమో కోకిలకి అప్పుడే తెలిసింది. ఆ సుఖానికి తనని తనే అసహ్యించుకుంది. అయినా నోరు విప్పలేదు.

ఈశ్వరి తీగని ఎంత పెరికినా వేరు ముక్క ఎక్కడో మిగిలిపోతుంది. మూడు నెలలకి గోడ వార మళ్ళీ మొలక లేచింది. కోకిల దాన్ని చూసి గునపం కోసం లోపలికి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి భువనేశ్వరి ఆ మొలక ముందు కూచుని, చుట్టూ మట్టి సర్ది, చెంబుతో నీళ్ళు పోస్తోంది.

"తీసేస్తావా అక్కా? ఎందుకక్కా! నా బిడ్డకి ప్రాణంగదా ఇదంటే" అంది. "నాకు తెలుసు నీ బాధ. ప్రాణంగా పెంచుకున్న తీగని నా బిడ్డ కోసరం పెరికేసినావు. ఏ తోబుట్టువు చేస్తుందక్కా ఆ పని? ఆ నాగుపాము విషం గట్టిది, మనం ఓడిపోయినాం, అంతే."

 చెప్పడానికి అంతకంటే మంచి సమయం రాదని కోకిలకి తెలుసు. "ఎండలో ఎందుకు, లోపలికి రా భువనా, కాఫీ తాగుదువు" అంది.

ఆ తర్వాత తీగని పెంచిందంతా భువనేశ్వరే. ఇటుకలు తీయించేసి నేల చదును చేయించింది. కూతురి నోటుబుక్కు తెచ్చుకుని, అందులో రాసిన ప్రకారం కొమ్మలు ఏ వైపు వదలాలో చూసుకుని తీగలకి కట్టేది. పురుగులు రాగానే కోకిలని పిలిచేది. గూడు కట్టగానే, ఆగిపోయిన చోటినుంచి తేదీలు రాసేది. ఎదురింట్లో క్రోటన్లకి మందు కొడుతుంటే వెళ్ళి, అది మా వైపు చల్లొద్దని పోట్లాడొచ్చింది. ఏడాది తిరిగేసరికి ఆ గోడ ముందుకంటే దట్టంగా నిండింది. సాయంత్రాలు నాలుగైదు సీతాకోకచిలుకలు తిరుగుతుంటే, ఇద్దరాడవాళ్ళూ అరుగు మీద కూచుని చూసేవాళ్ళు. భువనేశ్వరి "అక్కా, అక్కా" అని మాటకి ముందొకసారి, వెనకొకసారి అనేది. కోకిలకి ఒక చెల్లెలు దొరికింది. ఏం చెప్పకుండా దాచిపెట్టి సంపాదించుకున్న చెల్లెలు.

వీధిలో అందరికీ భువనేశ్వరే చెప్పింది, కోకిలక్క ఇంట్లో పచ్చి ఈశ్వరమూలి ఉందని, పాము కరిస్తే క్షణం ఆలస్యం చేయకుండా అక్కడికి రమ్మని. ఆ సంగతి కోకిలకి తెలీదు.

తొంభై ఎనిమిది ఆషాఢంలో ఒకరోజు పొద్దున పదింటికి గేటు ముందు ఆటో ఆగింది. పాల కాలనీలో గేదెలు మేపే మారిముత్తుని, చెరువు గట్టున గడ్డి కోస్తుంటే పాము కాటేసింది. భార్య పాప్పాత్తి పక్కన కూచుని గుండెలు బాదుకుంటోంది. ఆటోకి దారి చూపించి తెచ్చింది భువనేశ్వరి. దిగీ దిగగానే తోటలోకి పరిగెత్తి, గునపం అందుకుంది.

"అక్కా, సానరాయి తీ! ఇప్పుడే కరిచింది, ఆలస్యం కాలేదు!"

కోకిల వెళ్ళి గునపం పట్టుకుంది.

"వద్దు భువనా. ఆసుపత్రికి తీసుకపోనీ."

"ఆసుపత్రికి గంట పడతాదక్కా! వేరు ఈడనే ఉంది గదా! వదులు!"

"వద్దంటా ఉండా గదా."

భువనేశ్వరి నమ్మలేనట్టు చూసింది. "తీగ పోతాదనా అక్కా? నా బిడ్డకి పెరికినావు, ఆ మారిముత్తు ఎవురో అని పెరకవా? మళ్ళీ మొలుస్తాదక్కా, నేను పెంచి ఇస్తా!"

ఆటోలో మారిముత్తు తల పక్కకి వాలుస్తున్నాడు. ఇంకో మాట వెతుక్కునే వ్యవధి లేదు. రెండేళ్ళు దాచిన దాన్ని మెల్లగా, ఒడుపుగా చెప్పే అదృష్టం కోకిలకి లేకపోయింది.

"అది మందు కాదు భువనా. మధూని పాము చంపలేదు. ముప్పావుగంట వేరు తాగిస్తా ఈడ కూచోబెట్టినాం గదా, ఆ ముప్పావుగంట చంపింది. డాక్టరు ఆ పొద్దే నాతో చెప్పినాడు."

గునపం ఇంకా ఇద్దరి చేతుల్లోనూ ఉంది. భువనేశ్వరి చేతులు ముందు వదిలేశాయి. కోకిల దాన్ని నేల మీద పడేసి, వెనక్కి చూడకుండా వెళ్ళి ఆటోలో పాప్పాత్తి పక్కన కూచుంది. "పెద్దాసుపత్రికి పోనియ్యన్నా" అంది డ్రైవరుతో.

మారిముత్తు బతికాడు. ఆరో రోజు మెల్లగా నడుచుకుంటూ, భార్యతో వచ్చి, ఒక చెంబు గేదె పాలు కోకిల గుమ్మంలో పెట్టి దండం పెట్టి వెళ్ళాడు. వాళ్ళు ముందు భువనేశ్వరి ఇంటి మీదుగానే నడిచి రావాలి. బతికిన మనిషిని ఆమె తన కిటికీలోనుంచి చూసే ఉంటుంది.

ఆ ఆరు రోజులూ ఆమె రాలేదు. తీగకి నీళ్ళు కోకిలే పోసింది. "నేను చెప్పలేదా నీకు" అని యతిరాజులు అనబోయి, భార్య మొహం చూసి మానుకున్నాడు.

ఏడో రోజు సాయంత్రం భువనేశ్వరి వచ్చింది. లోపలికి రాలేదు, గేటు అవతలే నిలబడింది. తల దువ్వుకోలేదు. నిద్రపోయి ఎన్నాళ్ళయిందో. కోకిల గేటు దాకా వెళ్ళి, తిట్టించుకోవడానికి, కొడితే కొట్టించుకోవడానికి కూడా సిద్ధపడి నిలబడింది.

"అక్కా" అంది భువనేశ్వరి. అంటూనే ఆ పిలుపుకి తనే ఉలిక్కిపడి ఆగింది. మళ్ళీ మొదలుపెట్టింది. "ఒగటి అడగాలని వచ్చినా. అది మాత్రం చెప్పు. ఆ పొద్దు నేను ఆటో పిలుద్దామని అడిగినా గదా? గిన్నె పట్టుకోని ఉండా, అప్పుడు అడిగినట్టు నాకు గుర్తు. ఆసుపత్రికి పోదామా అని అడిగినా గదా నేను? కన్నతల్లిని, అడగకుండా ఉంటానా?"

ఆమె రెండు చేతులూ గేటు చువ్వల్ని పట్టుకుని ఉన్నాయి. 

కోకిలకి ఆ సాయంత్రం ప్రతి నిమిషమూ గుర్తుంది. ఎవరు ఎక్కడ కూచున్నదీ, ఎవరు ఏం అన్నదీ, ఎవరు ఏం అనలేదన్నదీ.

"అడిగినావు భువనా" అంది. "రెండుసార్లు అడిగినావు. నేనే పోనియ్యలేదు."

భువనేశ్వరి కళ్ళు మూసుకుంది.  తర్వాత కళ్ళు తెరిచి కోకిలని చూసింది. రెండేళ్ళుగా అక్కా అని పిలిచిన మొహాన్ని, పగవాళ్ళని చూసినట్టు నిండుగా, తడి లేకుండా చూసింది.

"నిన్ను ఆ దేవుడు కూడా క్షమించడు" అని, వెనక్కి తిరిగి తన ఇంటికి వెళ్ళి తలుపేసుకుంది. ఆ పైన ఆమె కోకిలతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు.